ఇంకా ఎన్ని రోజులు వస్తుంది? – ఐటీ పెద్దలకు ఒక స్టోరేజ్ అడ్మిన్ బహిరంగ లేఖ

హైదరాబాద్‌లోని ఆసుపత్రుల, కాలేజీల, కంపెనీల ఐటీ విభాగాధిపతులకు, కొనుగోలు ఫైళ్ల మీద సంతకం పెట్టే ఫైనాన్స్ అధికారులకు

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను పదిహేనేళ్లుగా ఈ ఊళ్లో స్టోరేజ్ అడ్మిన్‌గా, అంటే సంస్థల డేటా దాచే డిస్కుల్ని చూసుకునేవాడిగా, పనిచేస్తున్నాను. మీ సర్వర్ రూముల్లో ఏసీ చలికి స్వెటర్ వేసుకుని ర్యాకుల మధ్య తిరిగేవాళ్లలో ఒకణ్ణి. మీలో చాలామందికి నా ముఖం తెలియదు. ఆ డిస్కుల్లో చోటు ఎంత, స్పీడు ఎంత అని నాలాంటివాళ్లు పంపే నెలవారీ రిపోర్టులు మాత్రం మీ మెయిల్‌లో ఉంటాయి. వాటిని మీరు తెరవరని మాకు తెలుసు. తప్పంతా మీదే అనడం లేదు. 38 పేజీల పీడీఎఫ్‌లో అసలు విషయం 23వ పేజీలో ఉంటే ఎవరు మాత్రం అక్కడిదాకా వెళ్తారు? ఆ రిపోర్టు మారాలి, దాన్ని చదివే పద్ధతీ మారాలి. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఒక రాత్రి సంగతి చెప్పాలి.

కొన్నేళ్ల కిందట, వానాకాలం. రాత్రి ఒంటిగంట నలభైకి ఫోన్ మోగింది. నగరంలో ఒక పెద్ద ఆసుపత్రి నుంచి. పేరు ఇక్కడ అవసరం లేదు. "అన్నా, సీటీ ఇమేజీలు సేవ్ కావట్లేదు. క్యాజువాలిటీలో పేషెంట్ ఉన్నాడు" అన్నాడు నైట్ డ్యూటీ కుర్రాడు. గొంతు వణుకుతోంది. కూకట్‌పల్లి నుంచి బండి మీద తడుచుకుంటూ వెళ్లేసరికి రెండు దాటింది. సీటీ గదిలో టెక్నీషియన్ కన్సోల్ ముందు నిలబడే ఉన్నాడు. తెర మీద పంపిన ప్రతి స్టడీ (ఒక పేషెంటు స్కాన్ బొమ్మల కట్ట) పక్కనా 'ఫెయిల్డ్' అని ఎర్రగా వరస కట్టి ఉంది. పై అంతస్తులో తన మానిటర్ మీద చూడాల్సిన బొమ్మల్ని రేడియాలజిస్టు మేడమ్ కిందికి దిగొచ్చి, ఆ చిన్న కన్సోల్ మీదే వంగి ఒక్కొక్కటీ చూస్తున్నారు. తలుపు బయట పేషెంట్ భార్య. ఆమె చేతిలో బిల్లు కాగితం చెమటకి మెత్తబడిపోయింది. "అయిపోయిందా సార్?" అని నన్నడిగింది. నేను డాక్టర్ననుకుంది.

ఆయన బతికారు. అది ఆ మేడమ్ చలవ. మా స్టోరేజ్ చేసిందేమీ లేదు.

పైన సర్వర్ రూములో చూస్తే పూల్, అంటే చాలా డిస్కుల్ని కలిపి చేసిన ఉమ్మడి చోటు, నూటికి నూరు నిండిపోయి ఉంది. అందులోంచి సర్వర్లకి పంచి ఇచ్చిన భాగాలు, అంటే వాల్యూములు, కొత్త డేటా రాసుకోవడం ఆపేశాయి. పాత స్నాప్‌షాట్లు, అంటే డేటా ఒక క్షణంలో ఎలా ఉందో దాచిన నకళ్లు, తీసేస్తూ కూర్చున్నాం. డిలీట్ కొట్టగానే స్థలం వచ్చేయదు, వెనక బ్లాకులు ఒక్కొక్కటే విడుదలవుతాయి. ఆ అంకె కదలడం కోసం ఇద్దరం తెర వైపే చూస్తూ, ఫ్యాన్ల హోరులో మాట్లాడుకోకుండా కూర్చున్నాం. ఐదింటికి ఇమేజీలు వెళ్లడం మొదలైంది.

రెండు రోజుల తర్వాత ఆ కుర్రాడికి మెమో ఇచ్చారు. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే. నెలన్నర ముందు నుంచి అతను మూడు మెయిళ్లు పెట్టాడు. "సర్, పూల్ స్పేస్ త్వరగా అయిపోతోంది, ఒకసారి చూడగలరు" అని. వచ్చిన జవాబు ఒక్కటే: నెక్స్ట్ క్వార్టర్‌లో చూద్దాం. సిస్టమ్ తనంతట తాను పంపిన హెచ్చరికలు ఎక్కడికి వెళ్లాయో వెతికితే, ఎనిమిది నెలల కిందట ఉద్యోగం మానేసిన ఒకాయన మెయిల్‌బాక్సులో దొరికాయి. అన్నీ చదవనివే.

అతను మొదటి మెయిల్ పెట్టిన నెల రిపోర్టులో ఆ పూల్ పచ్చరంగులో ఉంది. ఎందుకు ఉందో లెక్క చెబుతాను.

పూల్ 40 టీబీ (ఒక టీబీ అంటే వెయ్యి జీబీ). నిండింది 85 శాతం, మిగిలింది 6 టీబీ. 90 దాటితేనే ఎరుపు అని ఎవరో ఎప్పుడో పెట్టారు కాబట్టి 85 పచ్చే. అంతకుముందు రోజుకి 20 జీబీ చేరేది. ఆ లెక్కన 6 టీబీ 300 రోజులొస్తుంది, గాభరా పడాల్సింది లేదు. కానీ మధ్యలో కొత్త సీటీ స్కానర్ వచ్చింది. సీటీలో ఒక స్లైస్ అంటే అడ్డం 512, నిలువు 512 చుక్కలు, చుక్కకి రెండు బైట్లు, అంటే సుమారు అర ఎంబీ. ఛాతీ, పొట్ట కలిపి 60 సెంటీమీటర్ల మేర 5 మిల్లీమీటర్ల మందంతో తీస్తే 120 స్లైసులు, 60 ఎంబీ. అదే 0.625 మిల్లీమీటర్లతో తీస్తే 960 స్లైసులు, 480 ఎంబీ. ఎనిమిది రెట్లు. డై ఎక్కించి మూడు దశల్లో తీస్తే ఒక్క మనిషికి దాదాపు ఒకటిన్నర జీబీ. రోజుకి 60 మంది. మిగతా డేటాతో కలిపి రోజుకి 100 జీబీ దాటింది.

ఇప్పుడు అదే 6 టీబీ 60 రోజులే. 85 శాతం అన్న అంకె మారలేదు, రంగూ మారలేదు. ఎరుపు వచ్చేసరికి మిగిలేది 4 టీబీ, అంటే 40 రోజులు. కొటేషన్లు పిలిచి, బేరమాడి, పీఓ (కొనుగోలు ఆర్డర్) ఇచ్చి, సరుకు వచ్చి, ర్యాకులో బిగించేసరికి ఆ సంస్థలో మామూలుగా మూడు నెలలు పడుతుంది. ఎరుపు కనిపించాక మొదలుపెట్టినా అప్పటికే ఆలస్యం అన్నమాట. కోట్లు పోసి స్కానర్ కొన్న మీటింగులో స్టోరేజ్ చూసేవాళ్లలో ఒక్కరూ లేరు. పిలిచి ఉంటే ఈ లెక్క ఒక కాగితం వెనక ఐదు నిమిషాల్లో వేసి ఇచ్చేవాళ్లం.

ఈ ఊరివాళ్లకి ఇలాంటి లెక్క కొత్త కాదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచేశాకే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. 1920లో ఒకటి, 1927లో ఇంకొకటి. వానలు పడితే వాటి సంగతి పేపర్లో వస్తుంది. ఉస్మాన్‌సాగర్ పూర్తి మట్టం 1790 అడుగులు, హిమాయత్‌సాగర్‌ది 1763.50 అడుగులు, ఇవాళ ఎంత ఉంది, ఇన్‌ఫ్లో ఎంత, అవుట్‌ఫ్లో ఎంత. ఆ నాలుగు అంకెలు చూసి మూసీ ఒడ్డు బస్తీల్లో చదువు రాని ముసలమ్మ కూడా సామాను పైకి ఎత్తాలా వద్దా చెప్పేస్తుంది. జలాశయం 85 శాతం నిండింది అని మాత్రమే రాసి, పైనుంచి ఎంత నీరు వస్తోందో రాయకపోతే ఆమెకి ఏం ఉపయోగం? మా రిపోర్టుల్లో నలభై గ్రాఫులుంటాయి. ఇన్‌ఫ్లో ఉండదు.

ఇది చిన్న సంస్థల గోల అనుకోకండి. 2023 ఆగస్టు 29న జపాన్‌లో టయోటా కంపెనీ 14 ప్లాంట్లూ ఆగిపోయాయి. సైబర్ దాడేమో అని అందరూ అనుకున్నారు. సెప్టెంబరు 6న ఆ కంపెనీయే కారణం చెప్పింది. ఆగస్టు 27న మెయింటెనెన్స్‌లో భాగంగా డేటాబేస్‌లో పేరుకున్న డేటాని తీసి సర్దుతుండగా డిస్కులో స్థలం చాలలేదు, విడిభాగాల ఆర్డర్లు చూసే సర్వర్లు ఆగిపోయాయి. బ్యాకప్ సర్వర్లు కూడా అదే సిస్టమ్ మీద ఉండడంతో వాటికీ అదే గతి పట్టింది. ఎక్కువ సామర్థ్యమున్న సర్వర్‌కి డేటా మార్చాక 30న ప్లాంట్లు నడిచాయి. క్రమశిక్షణకి ప్రపంచమంతా పేరు చెప్పుకునే కంపెనీ అది.

హెచ్చరిక పంపడం వేరు, అది మనిషికి చేరడం వేరు. దీనికి నాకు తెలిసిన పెద్ద ఉదాహరణ గిట్‌ల్యాబ్, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే వెబ్‌సైట్. 2017 జనవరి 31న అక్కడి ఇంజనీరు ఒకరు పొరపాటున అసలు డేటాబేస్ డైరెక్టరీని తీసేశారు. బ్యాకప్ ఉందిలే అని చూస్తే రోజువారీ బ్యాకప్ కొంతకాలంగా ఫెయిలవుతోంది, బ్యాకప్ టూల్‌కీ డేటాబేస్‌కీ వెర్షన్ తేడా వల్ల. ఫెయిలైన ప్రతిసారీ మెయిల్ వెళ్తూనే ఉంది, కానీ డీమార్క్ (మెయిల్ నిజంగా ఆ సంస్థదేనా అని చూసే ఏర్పాటు) సెట్టింగు సరిగా లేక ఆ మెయిళ్లని అవతలి సర్వర్ తిప్పికొట్టింది. దాదాపు ఆరు గంటల డేటా పోయింది. దాచుకోకుండా అంతా రాసి బయటపెట్టారు కాబట్టి మనకి తెలిసింది. ఆ నిజాయితీకి దణ్ణం పెట్టాలి. మన ఊళ్లో ఇలాంటివి జరిగితే ఆ సర్వర్ రూము తలుపు దాటవు.

ఇక స్పీడు సంగతి. దీన్ని మీరు ఇంకా తక్కువగా పట్టించుకుంటారు, జనం మాత్రం దీనితోనే ఎక్కువ బాధపడతారు.

పొద్దున పదింటికి ఓపీ కౌంటర్ దగ్గర నిలబడి చూడండి. కౌంటర్‌లో అమ్మాయి ఎంటర్ కొట్టి చేతులు కట్టుకుని కూర్చుంటుంది. "సిస్టమ్ స్లో ఉందమ్మా, కాస్త ఆగండి." క్యూలో నలభై మంది. ఐటీకి ఫోన్ చేస్తే వాళ్లు గ్రాఫ్ చూసి "స్టోరేజ్ బాగానే ఉంది, లేటెన్సీ 2 మిల్లీసెకన్లు" అంటారు. లేటెన్సీ అంటే ఒక రిక్వెస్టుకి జవాబు రావడానికి పట్టే సమయం, మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు. ఇద్దరూ అబద్ధమాడడం లేదు.

ఒక ఐదు నిమిషాల్లో, అంటే 300 సెకన్లలో, 280 సెకన్లపాటు ప్రతి రిక్వెస్టుకీ ఒక మిల్లీసెకనులో జవాబొచ్చింది, 20 సెకన్లపాటు మాత్రం 200 మిల్లీసెకన్లు పట్టింది అనుకుందాం. సెకనుకి రిక్వెస్టులు సమానమే అనుకుంటే సగటు 14. కాస్త ఎక్కువే, కానీ కంగారు పుట్టించదు. చాలా మానిటరింగ్ టూల్స్ స్థలం ఆదా చేయడానికి పాత డేటాని గంట సగటుగా కుదించేస్తాయి. మిగతా గంటంతా ఒక మిల్లీసెకనే అయితే అదే గంట సగటు 2.1కి దిగిపోతుంది. వారం తర్వాత మీరు గ్రాఫ్ అడిగితే కనిపించేది ఆ రెండే. కౌంటర్‌లో అమ్మాయి పడ్డ ఇరవై సెకన్లు రికార్డులోంచి చెరిగిపోయాయి. ఒక తెర తెరవడానికి డేటాబేస్ ఒకదాని తర్వాత ఒకటిగా వంద సార్లు డిస్కు దగ్గరికి వెళ్తే, ఆ ఇరవై సెకన్లూ ఆమెకి ఒక్క తెరకే సరిపోయాయి. అందుకని సగటు ఒక్కటే చూపించే రిపోర్టుని ఒప్పుకోకండి. వంద రిక్వెస్టుల్లో అన్నిటికన్నా నెమ్మదైన ఒక్కటి ఎంతసేపు ఆగింది, అంటే 99వ పర్సెంటైల్, అదీ రద్దీ వేళలో ఎంత అని అడగండి. సగటు పక్కన గరిష్ఠం కూడా భద్రపరచమనండి.

రద్దీతో ఆలస్యం ఎలా పెరుగుతుందో ఈ నగరంలో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. సాయంత్రం జేఎన్‌టీయూ దగ్గర బళ్లు కాస్త పెరిగితే ప్రయాణం చాలా పెరుగుతుంది. డిస్కూ అంతే. క్యూల గణితంలో అన్నిటికన్నా సులువైన లెక్క ప్రకారమే, సగం బిజీగా ఉన్నప్పుడు పట్టే సమయం ఖాళీగా ఉన్నప్పటికి రెండింతలు. 80 శాతం బిజీ అయితే ఐదింతలు. 90 అయితే పదింతలు. "ఇంకా 10 శాతం ఖాళీ ఉంది కదా" అనే మాట ఇక్కడ చెల్లదు.

కొనేటప్పుడే ఇది తప్పుతుంది. ఎన్ని టీబీ అని అడుగుతారు, టీబీకి ఎంత అని బేరమాడతారు. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కు ఒక చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. కావలసిన చోటు సూది కిందికి రావడానికి సగటున అందులో సగం ఆగాలి, సూది పక్కకి జరగడానికి పట్టేది వేరే. అందుకే అక్కడొకటి ఇక్కడొకటి చదవమంటే సెకనుకి 80 అటూ ఇటూ మాత్రమే చేయగలదు. అలాంటి పన్నెండు డిస్కుల్ని రెయిడ్-6లో, అంటే రెండు డిస్కులు పాడైనా డేటా పోకుండా కలిపి కడితే, మధ్యలో క్యాష్ (వేగంగా పనిచేసే తాత్కాలిక మెమరీ) ఆదుకోకపోతే, ఒక చిన్న రాతకి ఆరు పనులు చేయాల్సి వస్తుంది. పన్నెండు డిస్కులవి కలిపి 960, దాన్ని ఆరుతో భాగిస్తే సెకనుకి 160 రాతలు. డిస్కు సైజు 4 టీబీ అయినా 16 టీబీ అయినా ఆ 160 మారదు. గోదాము పెద్దదైంది, తలుపు మాత్రం అదే. పైగా 16 టీబీ డిస్కు పాడైతే సెకనుకి 200 ఎంబీ చొప్పున వేరే పనేమీ లేకుండా నింపినా కొత్త డిస్కు నిండడానికి 22 గంటలు పడుతుంది. ఆ సమయమంతా మిగతా డిస్కులు మీ పనితోపాటు ఆ బరువూ మోస్తాయి. ఆ రోజు స్లో ఎందుకో రిపోర్టులో ఒక్క వాక్యం ఉంటే కౌంటర్ దగ్గర గొడవ తగ్గుతుంది.

ఫైనాన్స్ వారికి ఒక మాట. "100 టీబీ కొన్నాం, 91 చూపిస్తోంది, మిగతా 9 ఎవరు తిన్నారు?" అని నన్ను చాలాసార్లు నిలదీశారు. ఎవరూ తినలేదు. డిస్కు తయారుచేసేవాళ్లు టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు అని లెక్కేస్తారు, కంప్యూటర్ చాలాచోట్ల 1024తో హెచ్చవేసుకుంటూ పోయి లెక్కేస్తుంది. తేడా అక్కడే వస్తుంది. రెయిడ్‌కీ స్పేర్ డిస్కులకీ పోయేది దీనికి అదనం. కాబట్టి రిపోర్టులో వాడుకోగలిగిన సామర్థ్యమే ఉండాలి, బిల్లులో ఉన్న అంకె కాదు.

థిన్ ప్రొవిజనింగ్, అంటే ఉన్న చోటుకన్నా ఎక్కువ ఇస్తామని సర్వర్లకి మాటివ్వడం, దాని గురించి కూడా మీకు తెలియాలి. ఫంక్షన్ హాల్లో 500 కుర్చీలుంటే వెయ్యి శుభలేఖలు పంచినట్టు అది. అందరూ రారనే ధైర్యం. మామూలుగా రారు కూడా, అందుకే మేం వాడతాం, దాని వల్ల డబ్బు మిగులుతుంది. కానీ ఎన్ని శుభలేఖలు పంచామో రిపోర్టులో మీకు కనబడాలి కదా? ఆ రాత్రి ఆసుపత్రిలో 40 టీబీ పూల్ మీద 70 టీబీ దాకా మాటిచ్చి ఉన్నాం. ప్రతి సర్వర్‌కీ తన డ్రైవులో బోలెడు ఖాళీ ఉన్నట్టే కనిపిస్తోంది. లోపల పూల్ నిండిపోయింది.

క్లౌడ్‌కి, అంటే వేరే కంపెనీ డేటా సెంటర్లో అద్దె చోటుకి, వెళ్లిపోతే ఇవన్నీ ఉండవు కదా అంటారు కొందరు. అమెజాన్ క్లౌడ్ రీజియన్ (డేటా సెంటర్ల సముదాయం) 2022 నవంబరు నుంచి మన హైదరాబాద్‌లోనే ఉంది, వెళ్లండి, మంచిదే. కానీ అక్కడ కూడా సర్వర్‌కి తగిలించిన వాల్యూమ్‌కి ఒక సైజు ఉంటుంది, అదీ నిండుతుంది, దానికీ స్పీడు పరిమితి ఉంటుంది. నిండని రకం స్టోరేజ్ తీసుకుంటే దాని బదులు బిల్లు పెరుగుతుంది. పైగా లాగులు, అంటే సిస్టమ్‌లో ఎప్పుడేం జరిగిందో రాసుకునే రికార్డులు, 180 రోజులు భద్రపరచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశాలిచ్చింది. ఆ ఆరు నెలల లాగులకి చోటు ఎంత కావాలో మీ దగ్గర ఎవరైనా లెక్క వేశారా?

డబ్బు లేదనే మాట దీనికి వర్తించదు. స్టోరేజ్ బాక్సుల్ని దూరం నుంచి అడిగి అంకెలు తీసుకునే ఎస్‌ఎన్‌ఎంపీ అనే పద్ధతి 1988 నుంచి ఉంది. జాబిక్స్, ప్రొమీథియస్, గ్రఫానా లాంటి మానిటరింగ్ టూల్స్ ఉచితంగా దొరుకుతాయి. మీ దగ్గర వీటిలో ఏదో ఒకటి ఇప్పటికే నడుస్తూ ఉంటుంది. అంకెలు పోగవుతూనే ఉన్నాయి.

నేను అడిగేది ఒక్క పేజీ. ప్రతి సోమవారం. వాడుకోగలిగింది ఎంత, వాడింది ఎంత, గత నెలలో రోజుకి ఎంత చేరింది, ఈ లెక్కన ఇంకా ఎన్ని రోజులు వస్తుంది. ఆ రోజుల్లోంచి మీ కొనుగోలుకి పట్టే రోజులు తీసేసి, ఆర్డర్ పెట్టాల్సిన ఆఖరి తేదీని పెద్ద అక్షరాల్లో రాయించండి. కింద రద్దీ వేళ 99వ పర్సెంటైల్, పాడైన డిస్కులు, పూల్ మీద ఇచ్చిన మాట ఎన్ని రెట్లు, బ్యాకప్ నుంచి నిజంగా ఒక ఫైలు వెనక్కి తెచ్చి చూసిన తేదీ. అంతే. 38 పేజీలవి మా దగ్గర ఉంచుకుంటాం, మాకవి కావాలి.

ఆ పేజీ ఇద్దరికి వెళ్లాలి, అందులో ఒకరు చెక్కు మీద సంతకం పెట్టేవారై ఉండాలి. హెచ్చరికలు మనిషి పేరు మీద కాక డ్యూటీలో ఎవరుంటే వారి ఫోన్‌కి మోగాలి. నెలకోసారి కావాలనే ఒక దొంగ హెచ్చరిక పంపించి, ఎవరైనా ఎత్తుతున్నారో లేదో చూడండి. కొత్త స్కానర్ కొన్నా, కొత్త సీసీ కెమెరాలు పెట్టినా, కొత్త బ్రాంచి తెరిచినా, ఆ మీటింగులో చివరి కుర్చీలోనైనా స్టోరేజ్ చూసేవాళ్లని కూర్చోబెట్టండి.

ఇంకొకటి, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. "స్పేస్ అయిపోతోంది సర్" అని మెయిల్ పెట్టిన పిల్లల్ని సతాయించేవాళ్లలా చూడకండి. పాతికవేల జీతానికి రాత్రంతా మేలుకుని మీ డేటా కాపలా కాసేది వాళ్లే. ఆ కుర్రాడు మెమో తీసుకున్న ఆరు నెలలకి ఈ పనే మానేసి ఊరెళ్లిపోయాడు. మంచి చెయ్యి. గ్రాఫ్ చూసి ఏ రోజు నిండుతుందో నోటితో చెప్పగలిగేవాడు. అతని మూడో మెయిల్‌లో రాసిన తేదీకి, నిజంగా నిండిన తేదీకి తేడా నాలుగు రోజులు.

ఈ సోమవారం మీ దగ్గర స్టోరేజ్ చూసే అమ్మాయినో అబ్బాయినో మీ గదికి పిలిచి, కూర్చోమని, ఇంకా ఎన్ని రోజులు వస్తుందని అడగండి. జవాబు వెంటనే రాకపోతే కోప్పడకండి, వారం టైమివ్వండి. ఆ ఒక్క పేజీ ఎలా తయారుచేయాలో తెలియక ఆగితే, ఏ శనివారమైనా నేను వచ్చి వాళ్ల పక్కన కూర్చుని చేయించి వెళ్తాను. డబ్బులేమీ వద్దు. సర్వర్ రూములోకి ఒక పాస్ ఇప్పిస్తే చాలు.

ఇట్లు
మీ నగరంలో ఒక స్టోరేజ్ అడ్మిన్
కూకట్‌పల్లి, హైదరాబాద్